దేవాంగ పిల్లి తిరిగే తోటలో నత్తల మందు పెట్టొచ్చా?

బొప్పాయి తోట అమ్మ:

అందరికీ నమస్కారం. చంద్రగిరి నుంచి భాకరాపేట వెళ్లే ఘాట్ రోడ్డుకు దగ్గర్లో మాదొక చిన్న ఊరు. ఊరి పేరు కావాలనే రాయడం లేదు, కారణం కింద చెప్తాను. మాకు మూడెకరాలుంది. ఎకరంలో బొప్పాయి, అర ఎకరంలో మునగ, మిగతాది పాత మామిడి. పడమటి గట్టు మీద మా మామగారు ఎప్పుడో నాటిన కానుగ చెట్లు, రెండు చింతలు, ఒక వేప, వాటికి అల్లుకున్న తీగలు. మొత్తం కలిసి పచ్చటి గోడలాగా ఉంటుంది. ఆ గట్టు అవతల కొంచెం బీడు, తర్వాత శేషాచలం అడవి.

రెండేళ్ల కిందట ఒక ట్రాక్టరు పశువుల ఎరువు తోలించాం, అదే నెలలో బొప్పాయి నారు కూడా తెచ్చాం. ఎరువులో వచ్చాయో, నారు సంచుల మట్టిలో వచ్చాయో తెలియదు, ఆ వానలకే అరచేయంత నత్తలు కనపడ్డాయి. ఆఫ్రికా నత్తలంట. మొదటి ఏడాది పదో ఇరవయ్యో ఉండేవి. ఈసారి అక్టోబరు వానలు పడ్డాక చూస్తే లెక్కే లేదు. లేత బొప్పాయి మొక్కల ఆకులు తిని, కాండం మీద బెరడు గీకి పెడుతున్నాయి. నలభై మొక్కలు పోయాయి. మునగ మాను మీద కూడా గుత్తులుగా అంటుకుని ఉంటున్నాయి.

మొన్న శుక్రవారం రాత్రి నేనూ మా అబ్బాయీ టార్చి పట్టుకుని 212 ఏరాం. వాడే లెక్కపెట్టాడు. తొమ్మిదిన్నరప్పుడు గట్టు దగ్గరికి వచ్చాం. టార్చి వెలుగు ఊరికే పైకి పడింది. కానుగ కొమ్మల్లో నారింజ రంగులో రెండు కళ్ళు మెరిశాయి. పిల్లి అనుకున్నాను. కానీ తోక లేదు. తల నిమ్మకాయకంటే కాస్త పెద్దది, కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉన్నాయి. మమ్మల్ని చూసి పారిపోలేదు. ఒక చెయ్యి తీసి ముందున్న కొమ్మను పట్టుకుంది, ఆ పట్టు కుదిరిందని తెలిశాక రెండో చెయ్యి తీసింది. ఒక్క ఆకు కూడా కదల్లేదు. నాకు ఊపిరి ఆగినట్టయింది.

ఇంటికొచ్చి చెప్తే మా అత్త వెంటనే అంది, "అది దేవాంగ పిల్లి. నా చిన్నప్పుడు చింతచెట్ల మీద ఉండేవి, మళ్లీ ఇన్నాళ్లకు వింటున్నా." తెల్లారేసరికి విషయం పక్క తోటల దాకా పోయింది. ఒకరొచ్చి అది ఇంటికి అరిష్టం, తరిమెయ్యండి అన్నారు. ఇంకొకరు దాని కళ్ళు మందుకి పనికొస్తాయి, కొనేవాళ్లు ఉంటారు అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది. అందుకే ఊరి పేరు రాయడం లేదు.

ఇప్పుడు అసలు విషయం. మందుల షాపులో నత్తలకని నీలం రంగు గుళికలు ఇచ్చారు, ప్యాకెట్ మీద మెటాల్డిహైడ్ 2.5 శాతం అని ఉంది. తోటంతా చల్లమన్నారు. దేవాంగ పిల్లి ఉన్న చోట అవి చల్లొచ్చా? అది నత్తలను తింటుందా? తింటే మందు తిన్న నత్తను తిని అదీ చస్తుందేమో అని భయం.

ఇంకోటి కూడా ఉంది. మావాడు ఏడో తరగతి. నోటు పుస్తకంలో గీత గీసి ఒక పక్క దేవాంగ పిల్లి, ఇంకో పక్క నత్త రాశాడు. రెండూ రాత్రే తిరుగుతాయి. రెండూ నెమ్మది. రెండూ చప్పుడు చెయ్యవు. రెండూ పట్టుకుంటే వదలవు. రెండూ పగలు దాక్కుంటాయి. అన్నీ రాసి నన్ను అడిగాడు, "రెండూ ఒకేలా బతుకుతున్నాయి కదమ్మా, మరి ఒకదాన్ని ఎందుకు ఉప్పునీళ్లలో వేస్తున్నాం?" అని. బకెట్ నా చేతిలోనే ఉంది. ఏం చెప్పాలో తెలియలేదు. తెలిసినవాళ్లు చెప్పండి, వాడికి చదివి వినిపిస్తాను.

జంతుశాస్త్రం టీచర్, నెల్లూరు:

అమ్మా, మీ అబ్బాయి పట్టిక చాలా బాగుంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టిన పిల్లవాణ్ణి చూడలేదు. వాడికి నా మాటగా చెప్పండి: రాసినవన్నీ కరెక్టే, కానీ "నెమ్మది" అన్న దగ్గర ఇంకొంచెం తవ్వాలి.

నత్త నెమ్మదిగా పోవడానికి కారణం దాని నడక. దానికున్నది ఒకే ఒక్క పాదం, కడుపు కింద పరుచుకున్న కండ. ఆ కండలో అలలు ఒకదాని వెనక ఒకటి లేస్తుంటే, జిగురు పరుచుకుంటూ దాని మీద జారుతుంది. ప్రాణం మీదికొచ్చినా పరుగెత్తలేదు. గుల్లలోకి ముడుచుకోవడం ఒక్కటే తెలుసు.

దేవాంగ పిల్లి నెమ్మది వేరు. అది కోతులూ మనుషులూ ఉన్న ప్రైమేట్ల వర్గం జీవి, పేరులో పిల్లి ఉన్నా పిల్లికీ దానికీ సంబంధం లేదు. దగ్గరి చుట్టాలు మడగాస్కర్ లీమర్లు, ఆఫ్రికాలోని బుష్‌బేబీలు. బరువు పావు కిలో అటూ ఇటూ. కావాలంటే గబగబా కదలగలదు. కానీ దానికి కావలసింది కొమ్మ చివర ఉన్న పురుగు. కొమ్మ ఊగితే పురుగు ఎగిరిపోతుంది, కింద తిరిగే పాముకో పైన కూర్చున్న గుడ్లగూబకో తెలిసిపోతుంది. అందుకని మీరు చూసినట్టు ఒక్కో చెయ్యీ మారుస్తుంది. బొటనవేలు మిగతా వేళ్లకు బాగా ఎడంగా ఉండి పట్టకారులా పనిచేస్తుంది. చేతుల్లో, కాళ్లలో రక్తనాళాలు సన్నసన్నగా చీలి జడలా అల్లుకుని ఉంటాయి, అందువల్ల గంటల తరబడి కొమ్మను పట్టుకున్నా కండ అలిసిపోదు. "పట్టుకుంటే వదలవు" అని వాడు రాశాడే, అక్కడ నత్తది జిగురు, దీనిది పిడికిలి.

కళ్ల సంగతి కూడా రాయమనండి. దేవాంగ పిల్లి కళ్ళు రెండూ ముందుకే ఉంటాయి, దూరం అంచనా కట్టడానికి. కంటి వెనక ఒక మెరిసే పొర ఉంటుంది, ఉన్న కాస్త వెలుగునీ మళ్లీ వాడుకుంటుంది. మీ టార్చికి నారింజ రంగు కనిపించింది దానివల్లే. నత్తకు పైనున్న రెండు పొడవాటి కొమ్ముల చివర కళ్ళుంటాయి, వాటికి తెలిసేది ముఖ్యంగా వెలుగు, చీకటి. దారి వెతికేది వాసనతో. వెన్నెముక ఉన్న దేవాంగ పిల్లికీ, లేని నత్తకూ ఉమ్మడి పూర్వీకులు బతికి 50 కోట్ల ఏళ్లకు పైమాటే. అంత దూరం నుంచి వచ్చి రెండూ ఒకే రాత్రి ఒకే గట్టు మీద కలిశాయి.

ఇక వాడి ప్రశ్న. దానికి జవాబు పిల్లల లెక్కలో ఉంది. దేవాంగ పిల్లి సుమారు అయిదున్నర నెలలు మోసి ఒక పిల్లను కంటుంది, లేదా ఇద్దరిని. ఆఫ్రికా నత్తల్లో ప్రతిదానిలోనూ ఆడ, మగ రెండూ ఉంటాయి. ఒకసారి జతకట్టాక ఆ వీర్యాన్ని నెలల పాటు దాచుకుని విడతల వారీగా గుడ్లు పెట్టగలదు. ఒక విడతకు వందకు పైనే, పెద్ద నత్తయితే మూడు నాలుగు వందల దాకా. అవి ఒకటి రెండు వారాల్లో పగిలి, ఆరు నెలలు తిరిగేసరికి తామూ గుడ్లకు సిద్ధమవుతాయి. అంటే మీ గట్టు మీది తల్లి ఒక్క పిల్లను కని పెంచే సమయంలో మీ తోటలో నత్తలకు మనవలు పుట్టడం మొదలవుతుంది.

పైగా ఆ నత్త ఈ నేలది కాదు. తూర్పు ఆఫ్రికాలో పుట్టినది మారిషస్ చేరింది. 1847లో బెన్సన్ అనే బ్రిటిష్ అధికారి, నత్తల మీద ఆసక్తితో, మారిషస్ నుంచి కలకత్తాకు కొన్ని తెచ్చి తోటలో వదిలాడు. మన దేశంలో కథ అక్కడ మొదలు. దానికి ఈ నేల మీద తగినంత మంది శత్రువులు లేరు. మూడు నత్తలతో ఏమవుతుందో కూడా వాడికి చెప్పండి. 1966లో హవాయి నుంచి ఒక పిల్లవాడు మూడు నత్తలను అమెరికాలోని మయామికి తెచ్చాడు. ఇంట్లో పెద్దావిడ వాటిని తోటలో వదిలింది. ఏడేళ్లకు 18 వేలకు పైగా దొరికాయి. పది లక్షల డాలర్లు ఖర్చుపెట్టి 1975 నాటికి నిర్మూలించారు.

నత్త చేసిన తప్పేమీ లేదని వాడికి చెప్పండి. తీసుకొచ్చింది మనుషులు, కాబట్టి ఏరాల్సిందీ మనమే.

మల్బరీ రైతు, పలమనేరు వైపు:

అక్కా, ఆ గుళికలు తోటంతా చల్లొద్దు. మూడేళ్ల కిందట నేను అదే పని చేశాను. గుళికల్లో కలిపే తవుడు వాసనకి మా కుక్క నాకింది, సాయంత్రానికి వణుకు మొదలై రాత్రికి పోయింది. మెటాల్డిహైడ్ నత్తకే కాదు, వేడి రక్తం ఉన్న ఏ జంతువుకైనా విషమే. తప్పదనుకుంటే తిరగేసిన పెంకు కిందో, చిన్న రంధ్రం చేసిన పాత డబ్బాలోనో కొంచెం పెట్టండి, తెల్లారి తీసెయ్యండి. గట్టు పక్క మాత్రం అసలు వద్దు.

నాకు పని చేసింది గోనె సంచులు. సాయంత్రం సంచులు బాగా తడిపి, కింద బొప్పాయి ఆకులు, పాడైన క్యాబేజీ ఆకులు వేసి, పదడుగులకొకటి పరచండి. పొద్దున ఆరుకల్లా ఎత్తి చూస్తే కింద గుంపులుగా ఉంటాయి. చేతికి గ్లౌజులు తప్పనిసరి, పిల్లవాడికి ముందు తొడగండి. ఎలుకల ఊపిరితిత్తుల్లో ఉండే ఒక నులిపురుగు పిల్లలు ఈ నత్తల్లో ఉంటాయి, అవి మనిషి కడుపులోకి పోతే మెదడు పొరల వాపు వస్తుంది. తోటలో ఆకుకూర ఉంటే బాగా కడిగి ఉడికించే తినండి.

ఏరినవాటిని లీటరుకు 200 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో వేసి, తర్వాత లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఆ ఉప్పునీళ్లు తోటలో పోయకండి, బొప్పాయి వేరు తట్టుకోదు. చచ్చిన గుల్లలు గట్టున పారేస్తే వాన నీళ్లు నిలిచి దోమలు పెరుగుతాయి, అది కూడా చూసుకోండి.

అన్నిటికంటే ముఖ్యం గుడ్లు. తడి మట్టిలో వేలు లోతున, మొక్కల మొదట్లో, ఎరువు దిబ్బ కింద మిరియాల సైజులో లేత పసుపు గుడ్లు ముద్దగా ఉంటాయి. ఒక ముద్ద తీస్తే రెండు వందల నత్తలు ఏరినట్టు. కొత్త నారు తెచ్చినప్పుడు ప్రతి సంచి మట్టీ చూడండి. ఎండాకాలం వచ్చిందని వదిలెయ్యకండి, గోడ పగుళ్లలో, రాళ్ల కింద గుల్ల మూతికి తెల్లటి పొర బిగించుకుని నెలలు నిద్రపోతాయి, మొదటి వానకు లేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఏరడం తేలిక, ఎక్కడికీ పోవు.

బొప్పాయి తోట అమ్మ:

సార్, మీరు రాసింది వాడికి రెండుసార్లు చదివి వినిపించాను. "మనవలు" అన్న దగ్గర ఆగి కాగితం మీద లెక్క వేశాడు. రెండో ఏడాది అంకె పేజీ దాటిపోయింది. అన్నా, కుక్క సంగతి విని మనసు కలత పడింది. ప్యాకెట్ తెరవలేదు, షాపులో వెనక్కి ఇచ్చేశాను.

నిన్న వాడు ఒక పని చేశాడు. డ్రిప్ పైపు పక్కన స్కేలుతో మీటరు గీసి, నత్తను వదిలి ఫోన్‌లో టైం చూశాడు. తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. మధ్యలో రెండుసార్లు ఆగింది. దేవాంగ పిల్లికి కూడా టైం చూద్దామన్నాడు, నేను వద్దన్నాను. టార్చి వేస్తే దాని కళ్లకు ఇబ్బంది కదా?

మా మరిది ఒక వీడియో చూసి ఇంకో ఆలోచన చెప్తున్నాడు. నత్తలను తినే వేరే దేశపు నత్త ఉందంట, అది తెప్పిస్తే పని అయిపోతుందంట. దీని గురించి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

రాత్రి సర్వే, బెంగళూరు (ఊరు మదనపల్లి):

మీ మరిదికి ఆ ఆలోచన మాన్పించండి. 1955లో హవాయిలో అచ్చం ఇదే చేశారు. ఆఫ్రికా నత్తను తింటుందని ఫ్లోరిడా వైపు నుంచి ఒక వేట నత్తను తెచ్చి వదిలారు. అది ఆఫ్రికా నత్తలను తగ్గించలేదు, ఆ దీవుల్లో మాత్రమే ఉండే చెట్టు నత్తలను తినేసింది. తాహితి పక్కనున్న మోరియా దీవిలో 1977లో మళ్లీ అదే తప్పు. అక్కడి పార్టులా నత్తలు పదేళ్లలో అడవిలో లేకుండా పోయాయి, జూలలో దాచినవే మిగిలాయి.

నత్తలను తినేవాళ్లు మీ తోటలోనే ఉన్నారు. జెముడు కాకి ఆఫ్రికా నత్తను గుల్ల పగలగొట్టి తింటుంది. మిణుగురు పురుగుల పిల్లలకు నత్తే ఆహారం. వీళ్లు మొత్తం నత్తలను అదుపు చెయ్యలేరు, కానీ ఉన్నవాళ్లను పోగొట్టుకోకూడదు. ఏరేటప్పుడు ఒక మాట: చదునుగా, పల్చటి గుల్లతో చిన్న నత్తలు కనిపిస్తే వదిలెయ్యండి, అవి మన నేలవి. ఆఫ్రికా నత్త గుల్ల శంకులా మొన తేలి, గోధుమ రంగు మీద నిలువు చారలతో ఉంటుంది.

దేవాంగ పిల్లి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఆరేళ్లుగా రాత్రిళ్లు దాని కోసమే తిరుగుతున్నాను. ఇక్కడ కన్నడంలో కాడుపాప అంటారు, అడవి పాపాయి అని. తమిళంలో తేవాంగు. బెంగళూరులో కూడా పాత చెట్లున్న కొన్ని క్యాంపస్‌లలో ఇంకా ఉన్నాయి.

అది మీ నత్తల సమస్య తీరుస్తుందని ఆశ పెట్టుకోకండి. దాని ముఖ్యమైన ఆహారం చీమలు, చెదలు, పేడపురుగుల్లాంటి గట్టి రెక్కల పురుగులు. మనం ముట్టుకోలేని కంపు పురుగులను కూడా కళ్ళు మూసుకుని నమిలేస్తుంది. అందుకని మీ తోటలో దానికి గుళికలకంటే పెద్ద ముప్పు మామిడికీ మునగకూ కొట్టే పురుగుమందు. గట్టు చెట్ల మీద ఆ తుంపర పడకుండా చూసుకోండి, గాలి పడమటికి వీచేటప్పుడు కొట్టకండి.

రెండోది, ఆ గట్టును కొట్టించకండి. దేవాంగ పిల్లి లంగూర్‌లా దూకలేదు. కొమ్మకు కొమ్మ తగలాలి. మధ్యలో ఒక చెట్టు కొట్టేస్తే కిందికి దిగి నేల మీద దాటాలి, కుక్కల నోట పడేది అప్పుడే. కరెంటు తీగలు పట్టుకుని చనిపోయినవీ చూశాను. మీ మామగారు నాటిన ఆ వరుస దానికి ఇల్లు, దారి రెండూ.

మూడోది, ఒంటరిగా కొమ్మను కరుచుకున్న పిల్ల కనిపిస్తే తెచ్చుకోకండి. తల్లి మేతకు పోతూ పిల్లను కొమ్మ మీద "పెట్టి" పోతుంది, తెల్లారేలోపు వచ్చి తీసుకుంటుంది. జాలిపడి ఇంటికి తెస్తే దాన్ని తల్లి నుంచి విడదీసినట్టే.

కళ్ళు మందుకని చెప్పినవాళ్లకు ఇది చెప్పండి: 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూల్ జంతువు, పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. చంపినా, పట్టినా, అమ్మినా మూడేళ్లకు తగ్గని జైలు. మందు అన్నది మూఢనమ్మకం, అందులో ఏమీ లేదు. అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు ఒక్క మాట చెప్పి ఉంచండి, దాన్ని పట్టుకుపొమ్మని కాదు, ఎవరైనా ఉచ్చు పెడితే తెలియాలని. తమిళనాడులో 2022లో కరూరు, దిండిగల్ జిల్లాల్లోని కడవూర్ దగ్గర ప్రత్యేకంగా దీనికోసమే 11,806 హెక్టార్లు అభయారణ్యం చేశారు.

టార్చి మాట మీరు సరిగ్గా అడిగారు. తెల్ల వెలుగు కళ్లలో వేస్తే కాసేపు దానికి ఏమీ కనపడదు. మేం ఎర్ర కాగితం చుట్టి వాడతాం. వెలుగు దాని మీద కాకుండా పక్కన పడేట్టు పట్టుకుని, పది నిమిషాలు చూసి వచ్చెయ్యండి.

బొప్పాయి తోట అమ్మ:

పన్నెండు రోజులయింది, చెప్పి వెళ్దామని వచ్చాను. సంచుల కింద మొదటి రోజు 340 నత్తలు, నిన్న 58. గుడ్ల ముద్దలు పదకొండు తీశాం, తొమ్మిది ఎరువు దిబ్బ కిందే. మా అత్త కూడా గ్లౌజులు వేసుకుని వచ్చింది. మునగకు ఈ నెల మందు కొట్టలేదు, బొంతపురుగులను పొద్దున్నే చేత్తో తీసేస్తున్నాం. కళ్ల మందు గురించి చెప్పినాయనకు మూడేళ్ల జైలు మాట మా మరిదే చెప్పాడు. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. బీట్ ఆఫీసర్ వచ్చి గట్టు చూసి, ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లారు.

నోటు పుస్తకంలో మావాడు "నెమ్మది" కొట్టేసి రెండు వైపులా వేరువేరుగా రాశాడు. నత్త వైపు "ఇంతే పోగలదు". దేవాంగ పిల్లి వైపు "కావాలనే". బకెట్ పనికి వాడు ఇప్పుడు వస్తున్నాడు, కానీ ఉప్పునీళ్లలో వేసేది నేనే, వాడు పక్కకి తిరిగి నిలబడతాడు. నేనేమీ అనడం లేదు.

స్వీటు డబ్బా మీది ఎర్ర కాగితం టార్చికి చుట్టి నిన్న రాత్రి వెళ్లాం. కానుగలో లేదు. చింత కొమ్మల్లో వెతికితే ముందు ఒక జత కళ్ళు కనిపించాయి, జానెడు కింద ఇంకో జత, చిన్నవి. పది నిమిషాలు నిలబడి వచ్చేశాం.